మేకుకు తగిలించిన బ్యాడ్జీలు

నాకొచ్చిన అవార్డు తలుచుకుంటే నాకే చీదర. ఇది వినయం కాదు. వినయమనేది నా ఒంట్లో ఏనాడూ లేదని మా ఇంట్లోవాళ్ళను అడిగినా చెబుతారు.

వేరే రాష్ట్రంలో ఒక అణువిద్యుత్ కేంద్రంలో రేడియేషన్ భద్రత చూసే ఉద్యోగం చేసి, రిటైరై ఆదోనికి వచ్చేశాను. వచ్చిన ఏడాదికి మా వృత్తి సంఘం వాళ్ళు, అణుభద్రతకు నేను చేసిన సేవకని ఒక పురస్కారం ఇచ్చారు. పేపర్లో జిల్లా పేజీలో ఫొటో పడింది. ఇక చూడండి, ఎమ్మిగనూరులో నాతో చదువుకున్నవాళ్ళకు పూనకం వచ్చింది. ఫంక్షన్ హాలు, మనిషెత్తు ఫ్లెక్సీ, అందులో నా ముఖం వెనక పొగ కక్కే గొట్టాలు. అవి బొగ్గుతో నడిచే కేంద్రానివని ఒక్కరికీ పట్టలేదు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన మైకు పట్టుకుని, ఈయన మేలుకుని ఉండబట్టే దేశం హాయిగా నిద్రపోయిందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను, సిగ్గులేనివాణ్ణి, నవ్వుతూ తల ఊపాను.

భోజనాల దగ్గర ఒకాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. చొక్కా ఒంటిమీద వేలాడుతోంది, పెదవులు తెల్లబారి ఉన్నాయి. వెనక ఆయన కూతురు.

"గుర్తు పట్టినావా అన్నా? షట్‌డౌన్ పనికి వచ్చింటిమి గదా" అన్నాడు.

గుర్తు పట్టకుండా ఎలా ఉంటాను? చేతిలోని ఓళిగ నోట్లోకి పోలేదు.

ఆ సంగతి చెప్పాలి. కేంద్రాన్ని ఆపి మరమ్మతులు చేసే రోజుల్లో కూలీలు చాలామంది కావాలి. వానలు లేని ఒక ఏడు మేస్త్రీ ఒకడు మా వైపు పల్లెల నుంచి మనుషుల్ని తోలుకొచ్చాడు. ఈయన ఆ గుంపులోవాడే. అంతకుముందు ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసేవాడు. లోపలికి పోయే ప్రతి మనిషీ చొక్కాకు ఒక బ్యాడ్జి పెట్టుకోవాలి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో తర్వాత దాన్ని చూసి చెబుతారు. హద్దు దాటితే ఆ మనిషిని పనిలోంచి తప్పించాలి. మంచి నియమమే.

మా పై అధికారికి ఆ ఏడు షీల్డు మీద కన్ను పడింది. అతి తక్కువ రేడియేషన్ నమోదైన విభాగానికి ఇచ్చే షీల్డు అది. నమోదు కాకపోతే చాలు, ఎవడికి ఎంత తగిలితేనేం! నన్ను గదిలోకి పిలిచి, వాళ్ళు మీవాళ్ళే కదా, మీ యాసలో ఒక మాట చెప్పు అన్నాడు. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు, దొంగ. చెప్పాల్సిన పనీ లేకపోయింది. నేనూ అలాంటి దొంగనే కాబట్టి ఇట్టే అర్థమైంది.

మరునాడు పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి చెప్పాను.

"బ్యాడ్జీలు ఈడ మేకులకు తగిలించి పోండప్పా. అవి నిండితే మిమ్మల్ని ఇంటికి పంపిస్తారు."

పని పోతుందంటే ఎవరు పెట్టుకుంటారు? పరాయి రాష్ట్రంలో తమ యాస మాట్లాడినవాణ్ణి నమ్మారు. నాది ఆదోని అని తెలిసి ఈయన ఒకరోజు షెడ్డులో బొరుగులతో ఉగ్గాని చేసి నాకు తెచ్చిపెట్టాడు కూడా. లొట్టలేసుకుంటూ తిన్నాను. ఆ పని ముగిసేదాకా బ్యాడ్జీలు గోడకు వేలాడాయి, మనుషులు లోపల పనిచేశారు. షీల్డు మాకే వచ్చింది. థూ! నా సర్వీసు వివరాల్లో అదే మొదటి వరుస. మొన్నటి పురస్కారం కూడా దాన్ని చూసే ఇచ్చారు.

ఇప్పుడు ఆయనకు రక్తం చెడింది. ఇంతకుముందు ఎక్కడ పనిచేశావని కర్నూలు డాక్టరు అడిగి, రేడియేషన్ ఎంత తగిలిందో కాగితం తెమ్మన్నాడట. అది ఉంటే వైద్యం చేయించమని కేంద్రం నడిపే కంపెనీని అడగవచ్చట. కూతురు ఉత్తరం రాస్తే, తగిలింది దాదాపు ఏమీ లేదని జవాబొచ్చింది. అయినా ఆయనకు కోపం లేదు. బ్యాడ్జి గోడకుంటేనేం, అంత పెద్ద కంపెనీ మా లెక్క వేరే రాసుకోకుండా ఉంటుందా అనుకున్నాడు. ఎవరో పొరపాటు చేసి ఉంటారని, నాలాంటి పెద్దమనిషి ఒక మాట చెబితే దిద్దుతారని ఆశ. ఎల్లుండి మా ఇంటికి రండి, కాగితం నేనే రాసిస్తానని చెప్పి పంపాను.

తండ్రీకూతుళ్ళు చెప్పిన రోజుకు ఆదోని బస్సు దిగి వచ్చారు. కాగితం సిద్ధంగా ఉంది. చాలా జాగ్రత్తగా రాశాను. రాస్తుంటే పెన్షన్ గుర్తొచ్చింది, పేపర్లో ఫొటో గుర్తొచ్చింది. ఆయనకు చదువు రాదు కాబట్టి కూతురు పైకి చదివింది. ఆ షట్‌డౌన్‌లో కార్మికులు బ్యాడ్జీలు పెట్టుకోకుండా లోపలికి వెళ్ళేవారు, అందువల్ల అప్పటి లెక్కలు నమ్మదగినవి కావు, అని రాశాను.

ఆయన నేలకేసి చూస్తూ విన్నాడు.

"మేమే పెట్టుకోకుండా పోయినట్టు రాసినావే అన్నా" అన్నాడు చివరికి. "నువ్వు సెప్తేనే గదా తీసినాము."

గొంతు పెంచలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆ కాగితం చూపిస్తే తప్పంతా ఆయన మీదికే తోసి కంపెనీ చేతులు దులుపుకుంటుంది. రాసేటప్పుడే నాకు ఆ సంగతి తెలుసు. తెలిసే రాశాను. ఛీ, ఇదీ నా బతుకు.

కూతురి చేతిలోంచి కాగితం తీసుకుని చించేశాను. కొత్త కాగితం మీద మొదటి మాటగా, బ్యాడ్జీలు తీసేసి లోపలికి పొమ్మని వాళ్ళకు చెప్పినవాణ్ణి నేనే అని రాశాను. ఏ షీల్డు కోసం చెప్పానో రాశాను. కింద పేరు, ఉద్యోగం, సంతకం. కూతురు మళ్ళీ పైకి చదివింది. ఆయన ఆ కాగితాన్ని ఆసుపత్రి రిపోర్టుల సంచిలో పెట్టుకుని, గోడ పట్టుకుని లేచి, రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టాడు.