మెలకువగా ఉన్న రోగి

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది నన్ను సివిల్ సర్జన్ స్పెషలిస్టు హోదాలో శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక ఏరియా ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా పెద్దదే కాని, ఆసుపత్రి మొత్తానికి మత్తు డాక్టరును నేనొక్కదాన్నే. సందేహం వస్తే అడగడానికి తోటివాళ్లు లేరు. క్వార్టర్సులోనూ ఒంటరిదాన్నే. రోగులైనా నాతో మాట్లాడేది మందు ఎక్కేవరకే. కళ్లు తెరిచాక వాళ్లు వెతికేది సర్జనును.

ఒక ఉదయం భావనపాడు నుంచి పార్వతి అనే తొమ్మిదేళ్ల పిల్లను నాయనమ్మ తీసుకొచ్చింది. తల్లిదండ్రులు చేపల పనికి గుజరాత్ వెళ్లారు. పడవను ట్రాక్టరుతో ఒడ్డుకు లాగుతుంటే తాడు పిల్ల చేతికి చుట్టుకుంది. రెండు వేళ్ల ఎముకలు విరిగి మెలితిరిగాయి. రక్తం అందక వేళ్లు నీలంగా మారుతున్నాయి. విశాఖ పంపితే దారిలోనే వేళ్లు పోతాయని ఎముకల సర్జన్ అన్నాడు.

చిక్కేమిటంటే పిల్లకు వారంగా జలుబు, ఛాతీ నిండా పిల్లికూతలు. అప్పుడే చద్దన్నం తిని ఉంది. పూర్తి మత్తు ఇస్తే ఊపిరి బిగుసుకుపోవచ్చు, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

"నిద్రమందిస్తే మల్లీ లెగుస్తాదా అమ్మా?" అని నాయనమ్మ అడిగింది. నేను పిల్ల ఛాతీ మీద స్టెతస్కోపు మళ్లీ ఆనించాను.

మిగిలిన దారి చేతికి మాత్రమే మత్తు. అల్ట్రాసౌండ్ తెర మీద నరాలను చూస్తూ చంకలో సూదితో మందు వెయ్యాలి. పెద్దవాళ్లకు చాలామందికి వేశాను. పిల్లలకైతే మామూలుగా నిద్రపుచ్చాకే వేస్తాం. మెలకువగా ఉన్న పిల్లకు ఎప్పుడూ వెయ్యలేదు. విశాఖలో ఉన్న పాత సహాధ్యాయికి ఫోన్ చేశాను. పిల్ల నీ ఎదురుగా ఉంది, నిర్ణయం నువ్వే తీసుకోవాలి అన్నాడు. అతను అన్నది సరైనదే. ఫోన్ పెట్టేశాక గది ఇంకా పెద్దదిగా తోచింది.

బరువు చూసి, పిల్లకు దాటకూడని మోతాదు లెక్కగట్టి, నర్సు చేత సరిచూయించాను. చంకలో చర్మానికి తిమ్మిరి మందు వేసి, అది మొద్దుబారాక అల్ట్రాసౌండ్ ప్రోబు ఆనించాను.

"ఏటది, టీవీయా?" అని పార్వతి అడిగింది.

"నీ సెయ్యి లోపల సూపిస్తాది. కదలకు తల్లీ," అని పిల్ల యాసలోనే చెప్పాను.

తెర మీద రక్తనాళం కొట్టుకుంటోంది. చుట్టూ నరాలు చిన్న తేనెపట్టు ముక్కల్లా ఉన్నాయి. పిల్లల్లో అవన్నీ చర్మానికి మరీ దగ్గర. సూది మొన కనబడితే తప్ప ముందుకు తొయ్యకూడదు. ప్రతిసారీ సిరంజి పిస్టను వెనక్కి లాగి, రక్తం రాలేదని చూసుకుని, కొద్దికొద్దిగా మందు వదిలాను. నరాల చుట్టూ నల్లని అంచు పరుచుకుంది. మందు సరైన చోటే పడిందన్నమాట.

కాసేపటికి పార్వతి, "నా సెయ్యి ఉన్నాదా?" అంది.

"ఉన్నాది. నేనే పట్టుకున్నాను."

అడ్డుతెర అవతల సర్జన్ గాయం శుభ్రం చేసి, ఎముకలు సరిచేసి, అవి కదలకుండా తీగలు వేశాడు. ఇవతల మేమిద్దరం. "నీకెవులున్నారు?" అని అడిగింది. ఇక్కడ ఎవరూ లేరన్నాను. "నాకూ అంతే. మామ్మ ఉన్నాది గానీ మాటాడదు, ఏడుస్తాది," అంది. అన్నేళ్ల ఉద్యోగంలో ఆపరేషను నడుస్తుండగా నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. వేళ్లు ఎర్రబడ్డాయని సర్జన్ చెప్పేవరకూ అలల గురించీ వలల గురించీ పార్వతి చెబుతూనే ఉంది.

మర్నాడు మత్తు పూర్తిగా దిగిందో లేదో చూడటానికి వార్డుకు వెళ్లాను. వేళ్లు కదిలించింది కాని, నన్ను గుర్తుపట్టలేదు. మొదటినుంచీ నేను మాస్కులోనే ఉన్నాను, పిల్ల చూసింది నా కళ్లను మాత్రమే. ఎవరో కొత్త డాక్టరనుకుని, "నిన్న నాతో మాటాడినామె రాలేదేటి?" అని అడిగింది. నేనేనని చెప్పాను. నమ్మకం లేక నాయనమ్మ వంక చూసింది.

ఆ తర్వాత రిటైరయ్యేవరకూ, ఆపరేషనుకు ముందు ప్రతి రోగి దగ్గరికీ మాస్కు లేకుండా వెళ్లి పేరు చెప్పాను. మర్నాడు వార్డుకు వెళ్లడం కూడా మానలేదు. కొందరు గుర్తుపట్టారు, చాలామంది పట్టలేదు. గుర్తుపట్టినా పట్టకపోయినా, మత్తు దిగేదాకా రోగి నా బాధ్యతే.