అంకుల్ గిటార్ గొంతు

పక్కింటి అంకుల్ పోయారని చెప్పడానికి ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. కట్ చేశాను. మళ్ళీ చేస్తే మళ్ళీ కట్ చేశాను. ఆ మీటింగు దేని గురించో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

మేము సెంగ్‌కాంగ్ పేటకి మారకముందు, ఈ పరాయి దేశపు ఊళ్ళోనే బుకిట్ పంజాంగ్ అనే పేటలో ఆయనది మా పక్క ఫ్లాట్. కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం గడిచి, కంపెనీలు వెర్రిగా మనుషుల్ని తీసుకుంటున్న రోజులు. నేనూ అలా వచ్చిన సాఫ్ట్‌వేర్ దాన్నే. అంకుల్ తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆయన షిప్‌యార్డులో ముప్పై ఏళ్ళు పనిచేసి చెవులు పాడుచేసుకున్నారు. సన్నని శబ్దాలు వినపడేవి కావు. లిఫ్టు దగ్గర కనిపిస్తే "మాకన్ అయిందా అమ్మా?" అని ఇక్కడి మలయ్ మాటలో భోజనం సంగతి అడిగేవారు. కొత్తలో నాకు జ్వరమొస్తే మూడు రోజులు గంజి తెచ్చి గేటుకి తగిలించి వెళ్ళింది ఆయనే.

సాయంత్రాలు ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారు, ఉత్త వేళ్ళతో, మెత్తగా. అయ్యాక పాత లుంగీ గుడ్డతో తీగలు ఒక్కొక్కటీ తుడిచేవారు. ఆయన వాయించే మోత గోడ ఇవతల నాకు గుడిగంటలా వినిపించేది.

హాల్లోకి కంప్యూటర్ వచ్చాక గిటార్‌కి గోల పట్టుకుంది. మానిటర్ వేస్తే చాలు, ఆంప్లిఫయర్ లోంచి గుర్రుమని ఒకటే రొద. తీగల కింద పికప్‌లుంటాయి. తీగ కదలికను పట్టి ఆంప్లిఫయర్‌కి పంపేవి అవే. అవి మానిటర్ రొదనూ పట్టేస్తున్నాయి. రొద పట్టని పికప్‌లు రెండు రకాలున్నాయని షాపువాడు చెప్పాడు: రాగి చుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చినవి, పక్కపక్కన పెట్టినవి. రెండూ బిగించిన గిటార్లున్నాయి, వచ్చి విని చూసుకోమన్నాడు.

"నువ్వు రావాలమ్మా. చిన్నప్పుడు వీణ నేర్చుకున్నావు కదా. నా చెవులు పనికిరావు లా, నీ చెవులు కావాలి," అన్నారు, ఇక్కడి వాళ్ళలాగే మాట చివర ఆ "లా" తగిలించి. "గోల పోవాలి. గొంతు పోకూడదు."

శనివారం వస్తానన్నాను. మూడు శనివారాలు ప్రాజెక్టు మింగేసింది. నాలుగోసారికి నాకు మొహం చెల్లలేదు. అప్పుడు మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు చేసే పనే చేశాను: ఎక్సెల్ షీటు. ఇంటర్నెట్‌లో జనం రాసినవన్నీ చదివి, రొద తగ్గింపుకి ఇన్ని, శబ్ద బలానికి ఇన్ని అని మార్కులు వేసి, ప్రింటు తీసి ఇచ్చాను. పక్కపక్క చుట్టలవి గెలిచాయి. ఆయన వేళ్ళకి మాత్రం ఆ షీటులో గడి లేదు.

అవే కొనుక్కొచ్చి, ఆయనే టంకం పెట్టి బిగించుకున్నారు. నన్ను పిలిచి, సోఫాలో కూర్చోబెట్టి వాయించారు. రొద లేదు. గంట కూడా లేదు. దుప్పటి కప్పినట్టు, ముద్దగా ఏదో మోగింది.

"ఎలా ఉందమ్మా?" నా మొహంలోకే చూస్తున్నారు.

"సూపర్ అంకుల్!" అన్నాను, సిగ్గులేకుండా.

ఆ తర్వాత గోడ అవతలి నుంచి గిటార్ వినపడలేదు. అదీ నేను గమనించలేదు; ఇంట్లో ఉంటే కదా!

ఆయన పోయిన పదకొండో రోజున ఆ ఇంటికి వెళ్ళాను. ఆంటీ ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. లోపల ఆ పాత పికప్‌లు, వైర్లు పొందిగ్గా చుట్టి ఉన్నాయి.

"నీ మొహం చూసే తెలిసిపోయిందంట ఆయనకి. ఆ రోజు నుంచి ఆంప్లిఫయర్‌కి వైరే పెట్టలేదు. ఉత్త గిటారే ఒళ్ళో పెట్టుకుని మీటుకునేవారు. పాతవి మళ్ళీ పెట్టుకోండీ అంటే, 'అంత కష్టపడి షీటు చేసిచ్చింది, చూస్తే బాధపడుద్ది లా' అన్నారు."

ఆంటీ కాఫీకని లోపలికి వెళ్ళారు. నేను గిటార్‌కి వైరు తగిలించి ఆంప్లిఫయర్ వేశాను. పక్కనే మానిటర్ వెలుగుతోంది. స్పీకర్‌కి చెవి ఆనించి విన్నాను. రొద లేదు, చుక్కంతైనా లేదు. అప్పట్లో నా షీటులో రొద తగ్గింపు గడికి పదికి పది వేశాను.