పైకప్పు లేని జీపు

సామర్లకోట స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన కూర్చున్నావిడ, భర్తతో కలిసి ఆఫ్రికా అడవులు చూడడానికి వెళుతున్నానంది. ఎదురు బెంచీ మీద ఆ భర్త, పెళ్ళయిన కొత్తలో ఆవిడ పట్టిసీమ పడవలో ఎలా కేకలు పెట్టిందో సెల్‌ఫోన్లో ఎవరికో చెప్పి నవ్వుతున్నాడు. అలాంటి మగవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట.

“నీళ్ళంటే భయమని తెలిసే, గోదావరి మధ్యలో పడవ ఊపించారండి. పాతికేళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ ఇదే కథ,” అందావిడ గొంతు తగ్గించి. “అక్కడ సింహాల మధ్య వారం రోజులూ గుర్రాల మీదే తిరగాలి. నేను ఆర్నెల్లు గుడికని చెప్పి వెళ్ళి స్వారీ నేర్చుకున్నాను. ఈయన ఊరేగింపులో గుర్రం కనిపిస్తేనే నా వెనక దాక్కుంటారు. జీపులో తిప్పుతారనుకుంటున్నారు. టూరు కంపెనీవాళ్ళ ఫారంలో మావారికి స్వారీ బాగా వచ్చని రాశానండి.”

“ఏమైనా అయితేనో?” అన్నాను.

“పడవలో నాకేమైంది కనక.”

అంతలో ఆయన ఫోను పెట్టేసి, “ఏమోయ్, ఆ జీపుకి పైకప్పు ఉంటుందా?” అని అడిగాడు.

“ఉండదండి. గాలి బాగా తగులుతుంది,” అంటూ కమలాపండు వలిచి తొనలు ఆయన చేతిలో పెట్టింది.

మావారు నలుగురిలో నా మొదటి వంట గురించి చెప్పి నవ్వినప్పుడల్లా ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. ఎందుకు నవ్వుతున్నావని ఈమధ్య కాస్త అనుమానంగా అడుగుతున్నారు.