అమ్మ గొంతుతో పిలిచే నక్క

మా పిన్ని కథ మొదలుపెడితే ఫ్యాక్టరీ సైరన్ కూడా నోరు మూసుకుని వింటుంది. మధ్యమధ్యలో ‘ఊ’ కూడా కొడుతుంది. నమ్మకపోతే మీ ఇష్టం, నేను చెవులారా విన్నాను.

పిన్ని బట్టల ఫ్యాక్టరీలో ఆయా. కింద తల్లులు మిషన్ల మీద చొక్కాలు కుడుతుంటే, పై అంతస్తులో వాళ్ల పిల్లలు పన్నెండు మందిని చూసుకుంటుంది. నేను అక్కడే వ్యాను డ్రైవర్ని. మా ఇద్దరి చదువూ కలిపినా పదో తరగతి దాటదు గానీ, పిల్లల మొహం చదవడంలో పిన్నికి ఎన్ని డిగ్రీలిచ్చినా తక్కువే.

సైరన్ మోగినప్పుడల్లా పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవాళ్లు. ‘భయపడకండి’ అంటే భయం పోతుందా? అందుకని పిన్ని ఒక కథ అల్లింది. ఉరుముకి భయపడ్డ కుందేలుపిల్ల బొరియలో దూరి, పొట్ట మీద చెయ్యేసుకుని, వేడి పాలు ఊదినట్టు ‘ఉఫ్’ అని ఐదుసార్లు ఊదుతుంది. పొట్టలో తిరిగే భయం ఊపిరితో పాటు బయటికి పోతుంది. పిల్లలు ఏడుపు మాని ఊదడం మొదలుపెట్టారు.

“మరి నక్క వస్తే?” అని అడిగింది బుడంకాయ. అది కాజాలు కుట్టే ఆమె కూతురు, మూడున్నరేళ్లది.

“వస్తుంది. అచ్చం అమ్మ గొంతుతో పిలుస్తుంది. అయినా కుందేలు కిక్కురుమనదు,” అంది పిన్ని, కథకి కాస్త కారం తగలాలని. అక్కడే పప్పులో కాలేసింది.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ గదిలో బట్టల మూట అంటుకుంది. సైరన్ ఆగకుండా మోగింది. పొగ మెట్ల పక్క కిటికీలోంచి పైకెక్కింది. పిన్ని పిల్లల్ని వరసగా కిందికి దించింది. వ్యాను దగ్గర నేను లెక్కపెట్టాను. పదకొండు. మళ్లీ లెక్కపెట్టాను. పదకొండే.

బుడంకాయ లేదు.

పిన్ని వెనక్కి పరిగెత్తింది. ఆమె వెనక నేను, నా వెనక కాజాల ఆమె. పొగ పైకప్పు నుంచి నడుం దాకా దిగింది. మంచాల కింద చూశాం. బాత్రూంలో, బీరువాలో, బొమ్మల పెట్టెలో చూశాం. లేదు.

“బంగారూ, ఎక్కడున్నావే? నేనే, అమ్మని! రావే!” కాజాల ఆమె గొంతు చిరిగిపోతోంది. గదిలో చిన్న చప్పుడైనా లేదు.

“బుడంకాయా, చాక్లెట్ ఇస్తా, రా!” అని నేను నా వంతు తేనె పూశాను.

పిన్ని మొహం పాలిపోయింది. “నోర్ముయ్యరా! ఇద్దరూ ఆపండి. పిలిచేకొద్దీ అది ఇంకా లోపలికి దూరుతుంది. దాని దృష్టిలో మనం నక్కలం!”

“నా కూతురికి నేను నక్కనా?” కాజాల ఆమె పిన్ని భుజాలు పట్టి ఊపేసింది. “ఏం నేర్పావే నా పిల్లకి? చెప్పు, ఏం నేర్పావ్!”

పిన్ని దగ్గుతూ నేల మీద చతికిలబడింది. మాకు కళ్లు మండుతున్నాయి. కింద ఏదో ఫెళ్లున పగిలింది. పిన్ని కథ మొదలుపెట్టింది. మతి పోయిందనుకున్నాను.

“అప్పుడు తల్లి కుందేలు వచ్చింది. దానికి చాలా భయమేసింది. చేతులు వణుకుతున్నాయి. నోరెండిపోయింది. పొట్టలో ఏదో గిరగిరా తిరుగుతోంది. అది పెద్దది కదా, బొరియలో పట్టదు. ఏం చెయ్యాలో దానికి తెలియట్లేదు...”

తర్వాత మాట రాలేదు. వెక్కిళ్లే.

కాజాల ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. మూలన, బొమ్మల్లో కూరడానికి దాచిన గుడ్డపీలికల గోనెసంచి కదిలింది. అంతకుముందు రెండుసార్లు దాన్ని దాటుకునే వెళ్లాం.

“పొట్ట మీద చెయ్యేసుకో ఆయమ్మా,” అంది సంచి. “ఉఫ్ అను.”

పిన్ని చెయ్యేసుకుని ఊదింది. పీలికల్లోంచి ఓ తల లేచింది.

“ఇంకా నాలుగున్నాయి,” అంటుండగానే కాజాల ఆమె పిల్లని సంచితో సహా ఎత్తుకుని మెట్లు దిగింది. మంట ఆరిందన్న కబురు వచ్చాక కూడా పిల్లని కింద పెట్టలేదు.

ఇప్పుడు ఆ కథలో కుందేలు ఉరుము వినగానే పరిగెత్తి వెళ్లి తల్లి చెయ్యి పట్టుకుంటుంది. నక్క ఉద్యోగం ఊడింది.

ఇదంతా రాసి, పొగ మధ్యలో చెక్కుచెదరకుండా కూర్చుని కథ అల్లిన ధీర అని ఇంకో పేజీ పొగిడి, పిన్నికి చదివి వినిపించాను. ఆమె పిల్లల బట్టలు మడతపెడుతూ అంతా విని అంది:

“కథేం అల్లలేదురా. నాకు భయమేసింది. అదే పైకి చెప్పాను.”