పుస్తకం మధ్యలో అంబలి

చలికాలం మొదట్లో మా అమ్మాయి స్వెటర్ల కోసం ఇనప్పెట్టె తెరిస్తే ముందు కలరా ఉండల వాసన వస్తుంది, దాని వెనకే ఎండిన వేపాకూ పాత ప్లాస్టిక్కూ కలిసిన ఇంకో వాసన. అడుగున, చీరముక్కలో చుట్టి, నాన్న నల్ల ఫ్లాపీలున్నాయి, ఒక్కొక్కటీ అప్పడమంత. చిన్ననాటి వాసనలు మనసును మెత్తబరుస్తాయంటారు. ఈ వాసనకి నాకు దవడలు బిగుసుకుంటాయి.

అప్పట్లో మేం భిలాయి సెక్టర్ 6లో, స్టీల్ ప్లాంటు క్వార్టర్లో ఉండేవాళ్ళం. షిఫ్టు మారే వేళకి వీధంతా సైకిలు గంటలే. తీగమీద బట్టలు దులిపితే ఎర్రటి ధూళి రాలేది. చలికాలంలో ఛత్తీస్‌గఢీ అవ్వ బుట్టనిండా జామకాయలు తెచ్చి గుమ్మంలో కూర్చుంటే, అమ్మ తన శ్రీకాకుళం హిందీలో బేరమాడుతుంటే, మేం పిల్లలం అరుగుకింద గోళీలాడుతూ నవ్వుకునేవాళ్ళం. వేసవి వచ్చిందంటే ఇంట్లో చోడి అంబలి, అదే రాగి జావ, ఉండాల్సిందే. నాన్న ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు విభాగంలో టైపిస్టు. సాయంత్రం డ్యూటీ దిగిన పనివాళ్ళు మా వరండాలో గొంతుక్కూర్చుని, ఆ అంబలి తాగుతూ, కొలిమి ఎప్పుడు మొరాయిస్తుందో చప్పుడును బట్టీ మంట రంగును బట్టీ ముందే ఎలా పసిగట్టాలో చెప్పేవారు. అందరికంటే ఎక్కువ తెలిసినవాడు అప్పలస్వామి మావయ్య. నాన్న అదంతా నోటుబుక్కులో రాసుకుని, తన పని అయ్యాక ఆఫీసు కంప్యూటర్లో ఇంగ్లీషులో ఎక్కించేవాడు. ప్రతి ఉపాయం కిందా అది చెప్పినవాడి పేరు వేసేవాడు. అలా మూడేళ్ళు రాశాడు.

అంతలో ఆఫీసుకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. నాన్న పెద్ద ఫ్లాపీలు వాటిలో పట్టవు. విభాగానికి అధికారి, మన తెలుగాయనే, నాన్నని పిలిచి, "మా ఇంట్లో కొత్త మిషను ఉందయ్యా. నీ రాత అందులోకి ఎక్కించు, నేను అచ్చు వేయిస్తాను, నీ పేరే ముందుంటుంది" అన్నాడు. పెద్దసారు మాట కదా. ఆదివారం నాన్న ఆఫీసు మూలపడేసిన పాత యంత్రాన్ని గోనెసంచీలో చుట్టి సైకిలు క్యారియర్‌కి కట్టాడు, నేను వెనకాల పడిపోకుండా పట్టుకుని నడిచాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

రెండు యంత్రాలకీ నడుమ ఒక వైరు. మొదటి ఆదివారం వచ్చినదంతా పిచ్చిగీతలే. పాత యంత్రం ప్రతి మాట చివరా తనకే తెలిసిన గుర్తొకటి దాచుకుంటుందట, కొత్తదానికి అది అర్థం కాదు. నాన్న వారమంతా తంటాలు పడి ఆ గుర్తు రాలిపోయే ఉపాయం కనిపెట్టాడు. మరుసటి ఆదివారం సగం రాత చక్కగా వెళ్ళింది. మధ్యలో వైరు ఊడింది. మళ్ళీ తగిలించి, "పరీక్షకి ఒక పేజీ కొట్టమ్మా, నీకు ఏటి తోస్తే అదే కొట్టు" అన్నాడు. నేను బడి ఇంగ్లీషులో అంబలి గురించి కొట్టాను. అది సరిగ్గా అందాక మిగతా సగం పంపాం. వచ్చినది వచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి అదే ఫైల్లో చేరింది. నా పేజీ తీసేద్దామని నాన్న కీబోర్డు మీదికి వంగేసరికి పెద్దసారు వచ్చి, "చాల్లేవయ్యా, భోజనాల వేళయింది, మిగతాది నేను చూసుకుంటాను. ఆ పాతది కూడా ఇక్కడే ఉంచు" అన్నాడు. ఆ పాతది తర్వాత తుక్కుకి పోయింది. ఫ్లాపీలు మా దగ్గర ఉన్నా, వాటిని చదివే యంత్రం లేదు.

ఏడాదికి పుస్తకం వచ్చింది. అట్టమీద బంగారు అక్షరాల్లో పెద్దసారు పేరొక్కటే ఉంది.

"ఏటయ్యా, నీ పేరేదీ?" అంది అమ్మ.

"మనకెందుకే. పెద్దోళ్ళతోటి."

"పెద్దోళ్ళేటి, నీ కట్టం మింగీసినోళ్ళు."

అప్పలస్వామి మావయ్య వరండాలోకి వచ్చి, "టైపుబాబూ, నా పేరు ఏ పేజీలో ఉంది?" అని అడిగితే నాన్న ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సాయంత్రాలు మా వరండాకి ఎవరూ రాలేదు. పుస్తకాన్ని అమ్మ, ఎవరూ తెరవకముందే, అటకమీదికి విసిరేసింది.

నా కూతురిది తాత పోలిక. ఎవరు తియ్యగా అడిగితే వాళ్ళకి చేతిలోది ఇచ్చేస్తుంది. నా భయమంతా అదే.

పోయిన నెల భిలాయిలోనే రుఆబాంధా సెక్టర్లో, తెలుగు సంఘంలో పెద్దసారుకి సన్మానం, ఆ పుస్తకం మూడో ముద్రణ. చదువుకున్నదానివి, ఒక పేజీ చదివిపెట్టమని నిర్వాహకులు నన్నే అడిగి పుస్తకం ఇచ్చారు. నేను ఎవరి కూతురినో వాళ్ళకి తెలియదు. పేజీ ఎంచుకుందామని మొదటిసారి తెరిచాను. ఉపాయాల కింద పేర్లు ఒక్కటీ లేవు, అన్నీ ఏరిపారేయించాడు. కొలిమి చల్లార్చే అధ్యాయం అయ్యాక, నా అంబలి ఉంది. తను దొంగిలించినది కూడా ఆయన ఎన్నడూ చదవలేదు.

సభలో వెనక వరుసలో నాన్న, ఆయన ఒళ్ళో నా కూతురు. నేను మైకు ముందు నిలబడి తెలుగు చేసి నింపాదిగా చదివాను. "మా అమ్మ రాత్రే చోడిపిండి నీళ్ళలో కలిపి పెడుతుంది. పొద్దున్న కాచి, మజ్జిగా ఉల్లిపాయా వేస్తుంది. అప్పలస్వామి మావయ్య మూడు గ్లాసులు తాగుతాడు. ఈ ఇంటి అమ్మగారు మాకు పగిలిన కప్పుల్లో టీ ఇచ్చారు. ఈ పుస్తకం మా నాన్న రాశాడు."

"ఏమిటమ్మా అది? ప్రెస్సు వాళ్ళ పొరపాటు" అన్నాడు పెద్దసారు, శాలువా సర్దుకుంటూ.

"మూడుసార్లు అచ్చయిందండీ. ఒక్కసారైనా చదవకపోయారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. నేను నాన్న పేరు చెప్పాను, గుర్తున్నంతవరకు వరండాలో కూర్చున్నవాళ్ళ పేర్లన్నీ చెప్పి దిగాను.

ఆటోలో నాన్న పిల్లని ఒళ్ళో సర్దుకున్నాడు. "మూడు కాదమ్మా, అప్పలస్వామి నాలుగు గ్లాసులు తాగీవోడు" అన్నాడు.

అమ్మ లేదు, అప్పలస్వామి మావయ్యా లేడు. మా క్వార్టరు కిటికీలకి ఇప్పుడు తలుపుల్లేవు, షిఫ్టు వేళ సైకిలు గంటల్లేవు. పెద్దసారు ఉదయం నడకకి రావడం మానేశాడట, మనిషి బాగా చిక్కిపోయాడట. నాకు జాలి కలగలేదు. కలిగేదాకా ఆగుదామని కూడా లేదు.

నిన్న మా అమ్మాయి గీసిన బొమ్మమీద క్లాసులో ఇంకో పిల్ల తన పేరు రాసుకుందట. ఇది వెళ్ళి ఆ పేరు కొట్టేసి, పక్కన తన పేరు పెద్దగా రాసుకుందట. అల్లరి చేస్తోందని టీచరు డైరీలో రాసి పంపింది. నేను కింద సంతకం పెట్టి, పిల్లకి కొత్త పెన్సిలు చెక్కి ఇచ్చాను.