తాగినవా లేదా చెప్పు

మా నాయనమ్మ ఆదెమ్మ భద్రాచలం దవాఖానాలో ఆయా. ఏ కాలం నడుస్తుందో మంచాలు చూసి చెబుతుంది. తొలకరికి అడవి పుట్టగొడుగులు తిని వాంతులయ్యేవాళ్లు, ఎండల్లో నీళ్లనుకుని ఫినాయిలు తాగిన పిల్లలు, మిర్చికి పురుగు పట్టిందంటే పురుగుల మందు వాళ్లు. ఇంట్లో లొల్లి పెట్టుకుని తాగేవాళ్లకు మాత్రం కాలం లేదు, ఏడాదంతా వస్తారు. అందరినీ సమానంగా తిడుతుంది. తాగిన మందు సీసా తేనందుకు తిట్టు, సబ్బునీళ్లు తాగించి తెచ్చినందుకు ఇంకా పెద్ద తిట్టు. ఆమె నోటికి జడిసి జల్దీ కోలుకున్నవాళ్లు ఉన్నారని సిస్టర్లు నవ్వుతారు.

ఒకనాడు ఆటోలోంచి దించింది ఆమె మొగుడినే.

జంపయ్య తాత నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు ఆవగింజలంత. వెంట దిగిన మా చిన్నాయన ప్రభాకర్, "చేన్ల పడిపోయి ఉన్నడమ్మా" అన్నాడు.

"సీసా ఏది?"

"మూడున్నయి. మూడూ కలిపి కొట్టమని దుకాణపాయన చెప్పిండట."

"మూడా! మీ నాయిన మందు కలిపిండా, పెళ్లికి పులుసు పెట్టిండా?"

డాక్టర్ శ్యామల సీసాలు చూసి, సూది మీద సూది మొదలుపెట్టింది. "తాగిండా, కొడుతుంటే ఒంటికి అంటిందా?" అని అడిగింది.

ఆదెమ్మకు పొద్దుటి మాట గుర్తొచ్చింది. తాత మేకను విడిచిపెట్టి, ఎండబోసిన వడ్లు దానికి తినిపించినందుకు ఆ పొద్దున, "నువ్వుండి ఏం లాభం" అనేసింది. ఆ మాట ఆమె పెళ్లయిన నాటి నుంచీ అంటున్నదే. కానీ ఇవాళే మనసుకు తీసుకున్నాడేమో, ఎవరికెరుక?

"తెల్వదు మేడం."

"అయితే తాగినట్టే లెక్క" అని డాక్టర్ గొట్టం వేసి కడుపు కడిగించింది.

పక్క మంచం దగ్గర మనవడికి కాపలా ఉన్న కొండమ్మ, "ఏం బాధ పెట్టినవే ఆయన్ను?" అంది జాలిగా.

"నీ మనవడెందుకు తాగిండో అది అడుగు ఫో!" అని ఆదెమ్మ అరిచింది గానీ, గొంతులో పదును లేదు.

సూదుల మత్తుకు తాత సోయి తప్పి, దుప్పటి మీద మిరపకాయలు ఏరడం మొదలుపెట్టాడు. లేని కాయలు తెంపి పెళ్లాం ఒళ్లో పోస్తున్నాడు. "ఇవి తాలు, పక్కకు పెట్టు" అని పని కూడా చెబుతున్నాడు.

"ఓ ముసలోడా, తాగినవా లేదా? అది చెప్పి, ఎన్నన్నా ఏరుకో!"

మర్నాడు మధ్యాహ్నానికి గానీ మనిషి మనిషిలో పడలేదు. ఆదెమ్మ మంచం మీదికి వంగి, ఆ వార్డులో ఎవరూ ఎన్నడూ వినని మెత్తని గొంతుతో అడిగింది.

"నా మాటకేనా?"

"ఏ మాట?"

"నిన్న పొద్దుగాల అన్నది."

తాత నుదురు గోక్కున్నాడు. "ఏమన్నవే?"

"మరి తాగలేదా?"

"ఎందుకు తాగుత? మందు కొట్టే పంపు నాజిల్ల చెత్త అడ్డుపడ్డది. నోట్లె పెట్టుకుని ఊదిన. పోలే. గట్టిగ పీల్చిన."

ఆదెమ్మ మంచం అంచున కూలబడింది. ఒక్క క్షణమే.

"ఊళ్లె చీపురుపుల్లలకు కరువొచ్చిందా! పాలపీకనుకున్నవా దాన్ని!"

ఆ కేకకు సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. ఆదెమ్మ కొంగు తడిపి, బోకె తోమినట్టు తాత మూతిని తోముతోంది. ఎంత తోమినా చాలడం లేదు.

"ఇంక రెండు సాళ్లు మిగిలినయే" అని ఆయన కొంగు సందులోంచి గొణిగాడు.

"ఆ రెండూ పురుగుకే రాసిచ్చిన. నోరు మూసుకుని పండుకో."