ఇంటావిడ పట్టకారు
సబీనా లేస్తూనే బూడిద కింద దాచిన నిప్పును పట్టకారుతో కదిపి, పొయ్యిలో కట్టెలకు బదులు వాడే ఎండిన పీట్ మట్టిగడ్డలు పేర్చి ఊదేది. పొగకు కళ్ళు ఎర్రబడినా, పని తీరగానే ఉన్ని వడకడానికి కూర్చునేది. తల్లి పోయాక తమ్ముడు కోల్మన్‌కు వండిపెట్టి, స్వెట్టర్లు అల్లి, తనకొచ్చిన సంబంధాలను "వీణ్ణెవరు చూస్తారు?" అంటూ తిప్పి పంపింది. తల నెరిశాక కోల్మన్ డీలియాను పెళ్ళాడి తెచ్చాడు.

"అక్కా, పట్టకారు డీలియాకిచ్చెయ్. అది ఇంటావిడ చేతిలో ఉండాలి కదా," అన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ నేనెవర్నిరా?"

అతనే పట్టకారు తీసి డీలియా చేతికిచ్చాడు. డీలియా మంచిదే. "మీరు చేసింది చాలు వదినా, కూర్చోండి," అని సబీనా కుర్చీని పొయ్యి పక్కనుంచి వాకిలి దగ్గరికి జరిపింది.

మర్నాడు పక్కింటి నోనీ వచ్చి, "టీ ఇవ్వవుటే?" అంది. సబీనా సగం లేచి ఆగిపోయింది. కూతురి వయసున్న డీలియా వైపు తిరిగి, "కాస్త టీ పెట్టుకోనా అమ్మా?" అని అడిగింది.